పన్నెండు సీజన్ల వాడకం తర్వాత: ఐదో టాకిల్ దగ్గర దారి తప్పే జట్టు

వస్తువు: ఆస్ట్రేలియా జాతీయ రగ్బీ లీగ్‌లో ఒక పశ్చిమ సిడ్నీ జట్టు సీజన్ సభ్యత్వం. వాడిన కాలం: 2014 నుంచి 2025 వరకు, పన్నెండు సీజన్లు. మార్కులు: ఐదుకు రెండు. ఆ రెండింటిలో ఒకటి సీటుకు.

జట్టు పేరు రాయడం లేదు. రాస్తే ఉగాది వేడుకల్లో సగం మంది నాతో మాట్లాడటం మానేస్తారు. పైగా పశ్చిమ సిడ్నీలోని వెంట్వర్త్‌విల్, వెస్ట్‌మీడ్ చుట్టుపక్కల ఈ ఆట చూసే తెలుగువాళ్లు ఎవరైనా సరే, కింద రాసినది తమ జట్టు గురించేనని అనుకునే అవకాశం ఉంది. అనుకోనివ్వండి.

సభ్యత్వం సంగతి ముందే ముగిస్తాను, అందులో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కార్డు వేళకు వస్తుంది. కానుకగా ఇచ్చే టోపీ రెండు ఉతుకులకే వెలిసిపోతుంది. సీటు ముప్ఫై మీటర్ల గీతకు ఎదురుగా, మధ్యాహ్నపు ఆటల్లో నీడ పడే వైపు ఉంది. 2020లో రెండు రౌండ్లు కాగానే కరోనాతో ఆట ఆగిపోయి మే 28న మళ్లీ మొదలైంది. 2021లో సీజన్ మధ్యలో సిడ్నీ జట్లను క్వీన్స్‌లాండ్‌కు తరలించారు. ఆ రెండేళ్లు చాలావరకు సోఫాలో కూర్చునే అరిచాను. మిగిలిన పదేళ్లు సీటులోనే అరిచాను. దేని గురించి అరిచానో చెప్పాలంటే ఆట కొంచెం చెప్పాలి.

జట్టుకు పదమూడు మంది, ఎనభై నిమిషాలు. బంతి పట్టుకుని పరిగెత్తేవాడిని ఎదుటివాళ్లు పడగొడతారు, అదే టాకిల్. పడినవాడు లేచి బంతిని పాదంతో వెనక్కి దొర్లిస్తాడు, ఆట సాగుతుంది. ఇలా ఒక జట్టుకు ఆరు టాకిళ్ల వరకే అవకాశం. ఆరోసారి పడితే బంతి అక్కడికక్కడే ఎదుటి జట్టుకు పోతుంది. క్రికెట్‌లో ఓవరుకు ఆరు బంతులు ఉన్నట్లే అనుకోవచ్చు, కాకపోతే ఆరో బంతిని వదిలేసినా క్రికెట్‌లో పెద్ద నష్టం లేదు. ఇక్కడ ఆ ఆరో అవకాశాన్ని ఎలా వాడుకున్నారన్నదే చాలాసార్లు ఆటను తేలుస్తుంది. ఐదో టాకిల్ పడగానే రిఫరీ చెయ్యి పైకెత్తి ఐదు వేళ్లు చూపిస్తాడు. అంటే ఇక మిగిలింది ఒక్కటే, చాలామటుకు బంతిని తన్నాల్సిందే.

2018లో మా నాన్నగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఒక ఆటకు తీసుకెళ్లాను. ఆయన కుర్రతనంలో ఊళ్ల పోటీల్లో కబడ్డీ ఆడిన మనిషి. మొదటి పావుగంట ‘కూత లేని కబడ్డీ’ అని ముచ్చటపడి చూశారు. ఆ తర్వాత నావైపు తిరిగి, “ఆరోసారి పట్టుబడితే బంతి పోతుందని ముందే తెలుసు కదరా, మరి ముందే ఏదో ఒకటి అనుకోరా?” అని అడిగారు. ఆట తెలిసి అరగంట కాలేదు. నాకు నాలుగేళ్లు పట్టిన సంగతి అది.

మా జట్టు మొదటి నాలుగు టాకిళ్లు నిజంగా చక్కగా ఆడుతుంది. ప్రాపులు, అంటే ముందు వరస భారీ ఆటగాళ్లు, తలవంచుకుని నేరుగా మధ్యలోకి దూసుకుపోతారు. పడగానే చటుక్కున లేస్తారు. ఎదుటి రక్షణ పది మీటర్లు వెనక్కి వెళ్లి సర్దుకునేలోపు హుకర్, అంటే పడినవాడి వెనక నుంచి బంతి తీసేవాడు, దాన్ని అందిస్తాడు. ప్రేక్షకులు సీట్ల అంచుకు జరుగుతారు. అప్పుడు రిఫరీ చెయ్యి లేస్తుంది, మా వాళ్లకు అదేదో పిడుగుపాటు వార్తలా ఉంటుంది. బంతి ఎడమ వైపు ఉంటే తన్నాల్సిన హాఫ్‌బ్యాక్, అంటే ఆటను నడిపించేవాడు, కుడి వైపు ఉంటాడు. అతనికోసం హుకర్ ఒక క్షణం చూస్తాడు, ఆ క్షణంలోనే ఎదుటివాళ్లు ముగ్గురు మీదికి ఉరుకుతారు. పెళ్లివారు గుమ్మంలోకి వచ్చాక వంటవాడికోసం వెతికినట్లు ఉంటుంది ఆ గందరగోళం. చివరికి ఎవరో ఒకరు హడావిడిగా తన్నిన బంతి ఎదుటి జట్టులో అందరికంటే వెనక నిలబడే ఫుల్‌బ్యాక్ గుండెల మీదికి మెత్తగా చేరుతుంది. కొన్నిసార్లు అసలు తన్నరు. అటూ ఇటూ చేతులు మార్చి, అంచున ఆడే వింగర్ పక్క గీత దాటి బయట పడేదాకా అడ్డంగా ఆడుతూ పోతారు.

మా అమ్మాయికి నాలుగేళ్లప్పటి నుంచి వెంట తీసుకెళ్తున్నాను. ఇప్పుడు పదిహేనేళ్లు.

“నాన్నా, ఇప్పుడు ఏం చేస్తారు?”

“తంతారు.”

“ఎటు?”

“అది వాళ్లకూ తెలియదమ్మా.”

పదకొండేళ్లుగా మా ఇద్దరి మధ్య నడుస్తున్న సంభాషణ ఇది.

చేయగలిగినవి లేక కాదు. గోల్ గీత దగ్గర ఉంటే నేలబారుగా గ్రబ్బర్ తన్ని ఎదుటివాడిని వాళ్ల ఇన్-గోల్‌లోనే (గోల్ గీతకు, దాని వెనక గీతకు మధ్య ఉన్న చోటులోనే) పట్టేస్తే, వాళ్లు గోల్ గీత మీద నుంచి బంతిని తన్ని ఇవ్వాలి. మనకు మళ్లీ ఆరు టాకిళ్లు దక్కుతాయి. అలా రెండు మూడుసార్లు వరుసగా చేస్తే ఎంత గట్టి రక్షణకైనా కాళ్లు బరువెక్కుతాయి. మూలకు అడ్డంగా ఎత్తి తంతే పొడుగు వింగర్ గాల్లోకి లేచి అందుకోవచ్చు. ఇవేవీ వద్దనుకుంటే కనీసం బంతి వెనక గీత దాటిపోకుండా చూసుకోవాలి. సుదూరం నుంచి తన్ని దాటించేస్తే 20 మీటర్ల గీత దగ్గర ఎదుటివాళ్లకు ఆరు కాదు, ఏడు టాకిళ్లు ఇస్తారు. మా వాళ్లు ఆ ఏడోదాన్ని పండగ మామూలులా పంచిపెడతారు.

ఇదే చోట ఒక మంచి నిర్ణయం ఏం చేయగలదో 2023 అక్టోబర్ 1న జరిగిన ఫైనల్ చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. బ్రిస్బేన్ 24, పెన్రిత్ 8. పదహారు పాయింట్లు వెనకబడిన జట్టు సాధారణంగా బంతిని ఎటుపడితే అటు విసురుతుంది. పెన్రిత్ హాఫ్‌బ్యాక్ నేథన్ క్లియరీ ఆ చివరి ఇరవై నిమిషాల్లో ఒక 40/20 తన్నాడు. తన 40 మీటర్ల గీత వెనక నుంచి తన్నిన బంతి మైదానంలో పడి, ఎదుటివాళ్ల చివరి 20 మీటర్లలో పక్క గీత దాటితే, బంతి మళ్లీ తన్నినవాళ్లకే వస్తుంది. చివర్లో తానే ట్రై వేశాడు, అంటే బంతిని ఎదుటివాళ్ల గోల్ గీత అవతల నేలకు ఆనించాడు. 26-24. 2021 నుంచి 2024 దాకా వరుసగా నాలుగు టైటిళ్లు గెలిచిన ఆ జట్టు మా ఇంటి నుంచి అదే రైలు మార్గంలో పడమరగా ఉంటుంది. ఆ దారిన వెళ్లేటప్పుడు కిటికీ వైపు కూర్చోను.

రెండో బాధ లెక్కలది. ట్రైకి నాలుగు పాయింట్లు, ఆ వెంటనే గోల్‌పోస్టుల మధ్య నుంచి తన్నే కన్వర్షన్‌కు రెండు, ఎదుటివాళ్ల తప్పుకు దొరికే పెనాల్టీ గోల్‌కు రెండు, ఆట సాగుతుండగా తన్నే ఫీల్డ్ గోల్‌కు ఒకటి. 2021 నుంచి 40 మీటర్ల అవతల నుంచి కొడితే ఫీల్డ్ గోల్‌కు రెండు. ఎక్కాలు వచ్చిన పిల్లవాడికి ఇది చాలు. ఆరు పాయింట్ల ఆధిక్యంలో ఉన్నామంటే ఎదుటివాళ్లు ఒక్క ట్రై, ఒక్క కన్వర్షన్‌తో సమానం చేయగలరు. ఆ ఆరు ఏడయినా, ఎనిమిదయినా వాళ్లు రెండుసార్లు స్కోరు చేయాలి. ఒక సాయంత్రం మా వాళ్లు సరిగ్గా ఆరు పాయింట్లు ముందున్నారు. ఆట పది నిమిషాలు మిగిలింది, గోల్‌పోస్టుల ఎదురుగానే పెనాల్టీ దొరికింది. గోల్ కొట్టి రెండు పాయింట్లు తీసుకోమని స్టేడియం మొత్తం రెండు వేళ్లు చూపించింది. మా కెప్టెన్ మాత్రం బంతిని తట్టి ఆట కొనసాగించాడు, మూడో టాకిల్‌లో బంతి జారింది. ఎదుటివాళ్లు అటు చివర ట్రై, కన్వర్షన్ రెండూ కొట్టి సమం చేశారు. తర్వాత గోల్డెన్ పాయింట్, అంటే మొదట ఎవరు స్కోరు చేస్తే వాళ్లదే ఆట. ఎవరిదయిందో రాయను. పార్కింగు నుంచి ఇంటిదాకా మా అమ్మాయి నాతో మాట్లాడలేదు, నేనే ఆ పెనాల్టీ వదిలేసినట్లు.

కెప్టెన్ ఛాలెంజ్ 2020లో వచ్చింది. రిఫరీ నిర్ణయాన్ని ప్రశ్నించే అవకాశం ఒకటి ఇస్తారు, మన మాట నిజమైతే అది మిగులుతుంది, కాకపోతే పోతుంది. మా వాళ్లు దాన్ని తరచుగా మొదటి పావుగంటలోనే, మైదానం మధ్యలో జారిన ఏదో బంతి గురించి ఖర్చుపెట్టేస్తారు. జీతం పడిన మూడో రోజుకే అప్పు అడిగే బంధువు అందరికీ ఒకడుంటాడు. నాకు ఆయన ఆ సమయంలోనే గుర్తొస్తాడు.

పక్క సీటు పెద్దాయన 1960ల నుంచి ఈ ఆట చూస్తున్నారు. ఆయన చెప్పాకే తెలిసింది, ఒకప్పుడు టాకిళ్లకు లెక్కే ఉండేది కాదట. బంతి చేతిలో ఉన్నంతసేపు ఆడుకోవచ్చు. సెయింట్ జార్జ్ అనే సిడ్నీ జట్టు 1956 నుంచి 1966 దాకా వరుసగా పదకొండు టైటిళ్లు గెలిచింది ఆ కాలంలోనే. 1967లో నాలుగు టాకిళ్ల పరిమితి పెట్టారు, 1971లో దాన్ని ఆరు చేశారు. “మన జట్టు పుట్టాల్సినప్పుడు పుట్టలేదు” అంటారు ఆయన, ప్రతి ఏడాదీ కనీసం ఒకసారి. నేను ప్రతిసారీ నవ్వుతాను.

బెంచ్ గురించి కూడా రాద్దామనుకున్నాను కానీ ఒక్క మాటతో సరిపెడతాను. ఆటకు ఎనిమిది మార్పిడులే ఉంటాయి. 2020లో రక్ దగ్గరి (పడినవాడు లేచి బంతిని దొర్లించే చోటి) తప్పులకు పెనాల్టీ బదులు టాకిళ్ల లెక్కను మొదటికి తెచ్చే నియమం వచ్చాక పెద్ద శరీరాలు తొందరగా అలిసిపోతున్నాయి. అయినా మా కుర్ర హుకర్‌ను ఆట చేజారిన తర్వాతే లోపలికి పంపుతారు. వాడు రాగానే బంతి వేగం పెరుగుతుంది. అది కనిపించనిది కోచ్‌ల గదిలో కూర్చున్నవాళ్లకే.

ఈ పన్నెండేళ్లలో కోచ్‌లు మారారు, హాఫ్‌బ్యాక్‌లు మారారు, జెర్సీ మీద ప్రకటనలు మారాయి. రోగం మారలేదు. అందుకే ఇది ఒక్కరి తప్పు అని నేను నమ్మడం మానేశాను. నా అనుమానం అంతా ఒక లెక్క మీద ఉంది. ఆట అయ్యాక విలేకరుల ముందు కోచ్‌లందరూ వల్లించేది ‘పూర్తి చేసిన సెట్లు’. సెట్టు అంటే ఒక జట్టుకు దక్కే ఆరు టాకిళ్ల వరస. బంతిని మధ్యలో పోగొట్టుకోకుండా చివరి తన్ను దాకా తీసుకువెళితే ఆ సెట్టు పూర్తయినట్లు లెక్క. ఆ తన్ను ఎక్కడ పడింది, ఎవరి చేతిలో పడింది అన్నది ఆ శాతంలో కనిపించదు. ఫుల్‌బ్యాక్ గుండెల మీదికి తన్నినా పూర్తయినట్లే, మూలలో వింగర్‌ను ఉక్కిరిబిక్కిరి చేసేలా తన్నినా పూర్తయినట్లే. మా జట్టు ఈ శాతంలో చాలాసార్లు బాగానే ఉంటుంది. ఓడిన రాత్రి కూడా కోచ్ ఆ అంకె చదివి, “ఆచరణలో కొంచెం తేడా వచ్చింది” అంటాడు. నాలుగు టాకిళ్ల దాకా చదివి ఐదో ప్రశ్న వదిలేసిన విద్యార్థికి హాజరు మార్కులు వేసినట్లు ఉంటుంది నాకు. హాజరుకు మార్కులిచ్చే చోట ఆ ఐదో ప్రశ్న ఎవరు చదువుతారు?

న్యాయంగా ఒక మాట చెప్పాలి. బుధవారం సాయంత్రాలు ఆఫీసువాళ్లతో టచ్ ఫుట్‌బాల్ ఆడతాను, అందులో పడగొట్టడం ఉండదు, తాకితే చాలు. అందులోనూ ఆరు తాకుళ్లే. పోయిన నెల ఐదో తాకుడు అయ్యాక బంతి నా చేతికి వచ్చింది. చుట్టూ నలుగురు అరుస్తున్నారు. నా తల పూర్తిగా ఖాళీ అయింది, బంతిని ఎవరూ లేని వైపు విసిరేశాను. మా అమ్మాయి గట్టు మీద నుంచి చూసింది. ఇంటికి వచ్చేదాకా ఒక్క మాట అనలేదు, అన్నం తినేటప్పుడు మాత్రం, “నాన్నా, నువ్వు మన జట్టుకు సరిపోతావు” అంది. కాబట్టి ఆ క్షణం ఎంత ఇరుకుగా ఉంటుందో నాకు తెలియనిది కాదు. కానీ నాకు దానికి ఎవరూ జీతం ఇవ్వడం లేదు, వారమంతా అదే సాధన చేయించే కోచ్‌లూ లేరు.

కొనవచ్చా అని అడిగితే, పిల్లలతో నెలకు రెండు ఆదివారాలు గడపడానికైతే కొనండి. డబ్బాలో పులిహోర తీసుకెళ్లండి, అక్కడి చిప్స్ చల్లారిపోయి ఉంటాయి. గెలుపు కోసం అయితే రైలెక్కి ఇంకొంచెం పడమరకు వెళ్లండి.

రెండు సీజన్లుగా మా అమ్మాయి ఒక నోటు పుస్తకం పట్టుకొస్తోంది. ప్రతి ఐదో టాకిల్‌కు ఒక వరుస: ఎక్కడ ఉన్నారు, ఎవరు తన్నారు, ఎవరు పట్టారు. చివరి గడిలో ఎక్కువచోట్ల ‘వాళ్ల ఫుల్‌బ్యాక్’ అని రాసి విసిగిపోయి, ఇప్పుడు చుక్క పెట్టి ఊరుకుంటోంది. 2026 సభ్యత్వం పునరుద్ధరించుకోమని సందేశం వచ్చింది, గడువు నెలాఖరు. ఇంకా డబ్బు కట్టలేదు. పుస్తకంలో కాగితాలు అయిపోయాయని మాత్రం నిన్న కొత్తది కొనిపించింది, ఈసారి రెండు వందల పేజీలది.