మానిటోబా ఆర్కైవ్స్: విన్నిపెగ్ పాత ఫోటోలు చూడదలచినవారికి

కెనడాలో మానిటోబా ప్రావిన్సు రాజధాని విన్నిపెగ్‌లో స్థిరపడిన తెలుగువాళ్లం ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఊరు చూపించాలంటే ఫోర్క్స్‌కూ, మానవ హక్కుల మ్యూజియానికీ, అసినిబోయిన్ పార్కుకూ తీసుకువెళ్తాం. ఆ మూడూ చూడదగినవే. అయితే పన్నెండేళ్లుగా ఇక్కడ ఉంటున్న నాకు, ఈ ఊరు ఎలా పెరిగింది, మా వీధిలో మాకంటే ముందు ఎవరు ఉండేవారు అన్న ప్రశ్నలకు జవాబు దొరికిన చోటు మాత్రం వాన్ వీధిలోని మానిటోబా ఆర్కైవ్స్ పఠన మందిరం. గత రెండు శీతకాలాల్లో సెలవు దొరికినప్పుడల్లా అక్కడికి వెళ్లి పాత ఫోటోలు చూశాను. పైసా రుసుము లేకుండా అందరికీ అందుబాటులో ఉన్న ఈ సేవ గురించి మన భాషలో రాసినవారు నాకు కనబడలేదు కాబట్టి, కొంచెం వివరంగానే రాస్తున్నాను.

భవనం నంబరు 200. పోర్టేజ్ అవెన్యూ మీద ఒకప్పటి బే (హడ్సన్స్ బే కంపెనీ) దుకాణం పెద్ద కట్టడానికీ, ఆర్ట్ గ్యాలరీకీ దగ్గరలోనే ఉంటుంది. 1932లో ఇది సివిక్ ఆడిటోరియంగా తెరుచుకుంది. మహామాంద్యం రోజుల్లో పని లేనివారికి పని కల్పించడానికి తలపెట్టిన కట్టడాల్లో ఇదొకటి. కచేరీలూ సభలూ జరిగిన ఆ గోడల మధ్యే ఇప్పుడు ప్రభుత్వ రికార్డులు, కుటుంబాలూ సంఘాలూ ఇచ్చిన కాగితాలు, హడ్సన్స్ బే కంపెనీ ఆర్కైవ్స్ ఉన్నాయి. కంపెనీ తన దస్త్రాలను 1974లో లండన్ నుంచి ఇక్కడికి తరలించి, 1994లో మానిటోబాకు దానంగా ఇచ్చింది. 2007లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. బీవర్ తోళ్ల వ్యాపారం చరిత్ర తెలుసుకోవాలనుకునేవారికి అదొక సముద్రం. నేను వెళ్లింది మాత్రం ఊరి ఫోటోల కోసం.

పద్ధతి చాలా సులువు. మొదటిసారి వెళ్లినప్పుడు పేరు నమోదు చేయించుకోవాలి. కోటు, సంచి, వాటర్ బాటిల్ లోపలికి తీసుకువెళ్లకూడదు. రాసుకోవడానికి పెన్సిలే వాడాలి. కీస్టోన్ అనే వారి డేటాబేస్‌లో ఇంటి దగ్గరే వెతుక్కుని, కావలసిన సేకరణ పేరూ నంబరూ రాసుకుని వెళ్తే ఎంతో సమయం కలిసివస్తుంది. అందులో కొన్ని ఫోటోలు తెర మీదే కనిపిస్తాయి, చాలావాటికి వివరణ మాత్రమే ఉంటుంది. ఆ రెండోరకం వాటి కోసమే అక్కడికి వెళ్లడం. పనిదినాల్లో మాత్రమే తెరుస్తారు కాబట్టి ఉద్యోగస్థులు సెలవు పెట్టుకోక తప్పదు. బల్ల దగ్గర ఉండే సిబ్బంది ఓపిక గురించి ప్రత్యేకంగా చెప్పాలి. “మా వీధి పాత ఫోటో కావాలండి” అని నేను మొదటిరోజు అమాయకంగా అడిగినప్పుడు, ఆ ఉద్యోగిని నన్ను కూర్చోబెట్టి, వీధి పేరుతో వెతికితే దొరకదనీ, ఏ సంవత్సరం, ఏ సంఘటన, ఎవరు తీసి ఉంటారు అన్న మూడు దారుల్లో వెతకాలనీ నేర్పించింది. ఆ పావుగంట పాఠం ఈ రోజుకీ నాకు పనికివస్తోంది.

అసలు నేను అక్కడికి వెళ్లడానికి కారణం మా పక్కింటి పెద్దావిడ. మేముండేది రెడ్ నది ఒడ్డుకు దగ్గరగా, సెయింట్ వైటల్‌లో. ఆవిడ పుట్టిందీ పెరిగిందీ ఆ ఇంట్లోనే. ఒకరోజు మంచు ఊడ్చిపెట్టినందుకు నన్ను టీకి పిలిచి, చెప్పుల డబ్బా ఒకటి తెచ్చి ముందు పెట్టారు. అందులో అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దవి, అంచులు రంపపు పళ్లలా కత్తిరించినవి, పాతిక దాకా నలుపు తెలుపు ఫోటోలున్నాయి. ఒకదానిలో వరండా మెట్లు మూడు కనిపిస్తున్నాయి, నాలుగోది నీళ్లలో ఉంది. మెట్లకు ఆనుకుని పడవ, పడవలో ఒళ్లో కుక్కపిల్లతో ఎనిమిదేళ్ల పాప, పక్కన ముగ్గురు మగవాళ్లు. ఆ పాప ఆవిడే. 1950 మే నెల వరద అది. రెడ్ నది పొంగి సుమారు లక్షమంది ఇళ్లు వదిలి వెళ్లిపోవలసివచ్చిన ఆ వరద తర్వాతే ఊరి చుట్టూ నీటిని మళ్లించే కాలువ ఆలోచన బలపడింది. 1962లో మొదలుపెట్టి 1968లో పూర్తిచేసిన ఆ 47 కిలోమీటర్ల కాలువే 1997 మహావరదలో ఊరిని కాపాడింది. దాని మీది వంతెన దాటుతూ రోజూ ఆఫీసుకు వెళ్లే నాకు, అది ఎందుకు తవ్వారో ఆ నాలుగో మెట్టును చూసేదాకా నిజంగా అర్థం కాలేదు.

ఈ ఫోటో నన్ను అంతగా కదిలించడానికి ఇంకో కారణం ఉంది. మాది దివిసీమ. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు ఆరేళ్లు. పదివేలమందికి పైగా ప్రాణాలు పోయిన ఆ రాత్రి మా కుటుంబం బతికి బయటపడింది గానీ, ఇంట్లో అంతకుముందు తీసిన ఫోటో ఒక్కటీ మిగలలేదు. మా తాతయ్య ముఖం ఎలా ఉండేదో మా నాన్న చెబితే వినడమే తప్ప నేను చూసుకోవడానికి ఏమీ లేదు. వరదను చూసిన ఫోటో డెబ్భై ఏళ్లకు పైగా చెప్పుల డబ్బాలో క్షేమంగా ఉండటం నాకు సామాన్యమైన సంగతిగా అనిపించలేదు. వెనక ఒక్క అక్షరం కూడా లేని ఆ ఫోటోల వివరాలు ఆవిడ ఉండగానే రాయించాలని ఆ టీ బల్ల దగ్గరే అనుకున్నాను.

ఆర్కైవ్స్‌లో 1950 వరద ఫోటోలు చూస్తూ కూర్చుంటే పొద్దు తెలియదు. ఇసుక బస్తాలు చేతులు మార్చుకుంటున్న వరసలు, కిటికీ అడుగుదాకా నీళ్లున్న ఇళ్లు, టెలిఫోన్ స్తంభాల మధ్య సాగిపోతున్న పడవలు. చాలావాటికి ఏ ప్రాంతమో రాసి ఉంటుంది, కొన్నింటికి వీధి పేరు కూడా ఉంటుంది. మా వీధిది అని ఖాయంగా చెప్పగలిగిన ఫోటో నాకు మూడోసారి వెళ్లినప్పుడు దొరికింది. గుర్తుపట్టించింది ఇల్లు కాదు, పైకప్పు మీది పొగగొట్టం. పైన రెండు వరసల ఇటుకలు బయటికి పొడుచుకు వచ్చిన అలాంటి పొగగొట్టం మా వీధిలో ఒక్క ఇంటికే ఉంది, ఇప్పటికీ అలాగే ఉంది. ఆ తర్వాత అదే భవనంలోని లెజిస్లేటివ్ లైబ్రరీలో హెండర్సన్ డైరెక్టరీలు చూశాను. వీధివారీగా, ఇంటి నంబరువారీగా నివాసుల పేర్లూ వృత్తులూ ఏటేటా అచ్చువేసిన పుస్తకాలవి. ఫోటో ముఖాన్ని ఇస్తే డైరెక్టరీ పేరును ఇస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితేనే వీధికి ప్రాణం వస్తుంది. మా ఇంటి నంబరు ఎదురుగా ఆ సంవత్సరం రైల్వే ఉద్యోగి పేరు ఉంది. మా వంటగది గోడను ఆ సాయంత్రం నేను వేరే కళ్లతో చూశాను.

ఈ ఆర్కైవ్స్‌కు వెళ్లినవారు తప్పక చూడవలసినది ఎల్. బి. ఫుట్ సేకరణ. న్యూఫౌండ్‌లాండ్‌లో 1873లో, అంటే విన్నిపెగ్ నగరంగా ఏర్పడిన సంవత్సరంలోనే, పుట్టిన ఈ ఫోటోగ్రాఫర్ 1902లో ఇక్కడికి వచ్చి, 1957లో చనిపోయేదాకా ఈ ఊరినే నమ్ముకున్నారు. పెళ్లిళ్లు, అంత్యక్రియలు, రాజకుటుంబం రాకపోకలు, లేస్తున్న భవనాల ఇనుప దూలాలు, ఉత్తర విన్నిపెగ్‌లో వలస కుటుంబాలు కిక్కిరిసి బతికిన గదులు, ఇలా పిలిచిన ప్రతిచోటికీ వెళ్లి తీసినట్టుంటుంది ఆయన పని. పోర్టేజ్ అవెన్యూ మీద ట్రాములు బారులు తీరిన రోజులను ఇప్పటి రోడ్డు తెలిసినవాళ్లు చూడాలి. ఆ ట్రాములు 1955 సెప్టెంబరులో ఆగిపోయాయి. పోర్టేజ్, మెయిన్ కలిసే కూడలిలో కాలినడకన దాటడాన్ని 1979లో ఆపేసి, 2025లో మళ్లీ అనుమతించారు. 1905లో తెరిచిన ఈటన్స్ ఎర్ర ఇటుకల దుకాణం స్థానంలో 2004 నుంచి హాకీ స్టేడియం ఉంది. మన పిల్లలు ఆట చూడటానికి వెళ్లి కాలి బొటనవేలు రుద్ది వచ్చే కంచు విగ్రహం ఆ దుకాణం యజమానిదేనని ఫోటోలు చూశాక మా అబ్బాయికి చెప్పాను.

ఫుట్ తీసిన వాటన్నిటిలోకీ ప్రసిద్ధమైనది 1919 జూన్ 21 నాటి ట్రామ్ ఫోటో. మే 15న మొదలైన సార్వత్రిక సమ్మెలో దాదాపు 30,000 మంది పని ఆపేశారు. ఆ శనివారం నగర సభా భవనం ముందు, సమ్మె జరుగుతుండగా నడిపిన ట్రామును జనం పట్టాల మీదనుంచి పక్కకు ఒరిగించారు. లోపలి సీట్లకు నిప్పుపెట్టారు. గుర్రాల మీద వచ్చిన పోలీసులు కాల్పులు జరిపారు. ఇద్దరు కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఐదు రోజుల తర్వాత సమ్మె ముగిసింది. పాఠ్యపుస్తకంలో బొటనవేలంత కనిపించే ఈ ఫోటోను పెద్దదిగా, భూతద్దం పెట్టి చూడటం వేరు. ఒరిగిన ట్రాము కంటే ముందు నా చూపు టోపీల మీద పడింది. కార్మికుల గుడ్డ టోపీలతో పాటు గడ్డి టోపీలు, మంచి కోట్లు కూడా ఉన్నాయి. చూడవచ్చినవాడెవడో, తోయవచ్చినవాడెవడో విడదీసి చెప్పలేని గుంపు అది. వెనక ఉండిన నగర సభా భవనాన్ని 1962లో కూల్చేశారు. ఘటన జరిగిన చోటుకు దగ్గరలో, మెయిన్ వీధి పక్కన, వందేళ్లు నిండిన 2019లో, ఒరిగిన ట్రామును తలపించే ఉక్కు శిల్పం పెట్టారు. ముందు ఫోటో చూసి, తర్వాత పదిహేను ఇరవై నిమిషాలు నడిచి ఆ శిల్పం దగ్గరికి వెళ్లమని నా సలహా.

డబ్బు తీసుకుని ఫోటోలు తీసే రోజుల్లో డబ్బివ్వలేనివారి ముఖాలు తక్కువగా నిలవడం సహజం. ఊరికి నైరుతి వైపు, ఇప్పటి గ్రాంట్ పార్క్ షాపింగ్ సెంటర్ ఉన్న ప్రాంతంలో, రూస్టర్ టౌన్ అనే మేటీ (ఆదివాసీ, యూరోపియన్ మిశ్రమ వంశస్థులైన) ప్రజల పేట 1960 ప్రాంతం దాకా ఉండేది. పోర్టేజ్ అవెన్యూ ఫోటోలు దొంతరలుగా ఉన్న ఊరిలో, ఆ పేటవాళ్లు తమకోసం తాము తీయించుకున్నవి వెతికితే చేతికి వచ్చేవి బహు తక్కువ. అలాగే 1919లో పూర్తయిన మంచినీటి కాలువ. షోల్ సరస్సు నుంచి సుమారు 155 కిలోమీటర్లు కేవలం వాలు మీద నీటిని తెచ్చిన ఆ నిర్మాణం ఫోటోలు చూస్తే ఇంజనీరుగా నాకు చేతులెత్తి నమస్కరించాలనిపించింది. ఆ కాలువ కోసం తమ భూమి పోగొట్టుకుని, 2019 దాకా ఏడాది పొడుగునా వాడుకోగల రోడ్డైనా లేకుండా బతికిన షోల్ లేక్ 40 అనే ఆదివాసీ సముదాయం ప్రజలు ఆ ఫోటోల్లో లేరు. ఉన్న ఫోటో చూస్తున్నప్పుడు లేని ఫోటో గురించి కూడా సిబ్బందిని అడగండి. కుటుంబాలు ఇచ్చిన సేకరణల్లో ఒక్కోసారి దారి దొరుకుతుంది.

ప్రతుల విషయానికి వస్తే, ఆర్కైవ్స్ రుసుము తీసుకుని ప్రతులు చేయించి ఇస్తుంది. ఫోటో సంఖ్య పొరపాటు లేకుండా రాసివ్వాలి, అచ్చులో వాడుకోదలిస్తే అనుమతుల సంగతి ముందే కనుక్కోవాలి. మన సొంత ఫోటోల విషయంలో జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. పెద్దావిడ డబ్బాలోని ఆరు ఫోటోలను స్కాన్ చేయించడానికి నేను ఊళ్లోని ఒక దుకాణానికి ఇచ్చాను. అడగకుండానే వాళ్లు కంప్యూటరులో ముఖాలను “బాగుచేసి”, రంగులు వేసి ఇచ్చారు. పడవలోని పాపకు ఆవిడవి కాని కళ్లు వచ్చాయి, పొడుచుకు వచ్చిన పళ్లు సరిగ్గా అమరిపోయాయి. ఆవిడ చాలాసేపు చూసి, ఈ అమ్మాయి ఎవరని అడిగారు. నాకు తల దించుకోవలసివచ్చింది. అసలు ఫోటోలు పాడవలేదు కాబట్టి బతికిపోయాను. ఆ తర్వాత పబ్లిక్ లైబ్రరీ స్కానర్ మీద నేనే కూర్చుని, ఏ మార్పూ చేయకుండా, వెనకవైపు కూడా కలిపి స్కాన్ చేసుకున్నాను. ఎవరికైనా ఫోటోలు ఇచ్చేటప్పుడు, ఉన్నదున్నట్టు కావాలని కాగితం మీద రాసి ఇవ్వండి.

గత మార్చిలో, ఆర్కైవ్స్‌లో దొరికిన మా వీధి ఫోటో ప్రతిని ఆవిడకు ఇచ్చాను. పొగగొట్టం ఇంటిని చూడగానే గుర్తుపట్టి, ఆ ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లు, వాళ్ల కుక్క పేరు, నీళ్లు తీశాక నేలమాళిగలో పేరుకున్న బురద వాసన, అన్నీ గడగడా చెప్పారు. తర్వాత పడవ ఫోటోను బోర్లించి, మెత్తటి పెన్సిలుతో, నొక్కకుండా, తారీకూ వీధీ రాశారు. వాళ్ల నాన్న పేరు, బాబాయి పేరు రాశారు. మూడో మనిషి పేరు ఎంత ఆలోచించినా గుర్తుకు రాలేదు. అక్కడ కొంచెం చోటు వదిలిపెట్టి, కింద తన పేరు రాసి, పెన్సిలును నా చేతికే ఇచ్చి ఉంచుకోమన్నారు.