సెకండ్ హ్యాండ్ మ్యాక్రో లెన్స్ కొంటున్నారా? ముందు టార్చ్ వేసి లోపల చూడండి

ఆకులు రంగు మారే ఫాల్ కలర్స్ వస్తున్నాయి కదా అని సెకండ్ హ్యాండ్ లెన్స్ కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. నాకు 420 డాలర్లు పోయాయి, అదొక బాధ. ఏడాదంతా ఎదురుచూసిన ఒక ఉదయం కూడా పోయింది, అది అంతకంటే పెద్ద బాధ.

మేం ఉండేది అమెరికాలో, ఒరెగాన్‌లోని హిల్స్‌బరో దగ్గర. పోర్ట్‌లాండ్ జపనీస్ గార్డెన్ అంటే ఇక్కడి మనవాళ్లందరికీ తెలుసు, ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే ముందు తీసుకెళ్లేది అక్కడికే. 1963లో టకుమా టోనో అనే ప్రొఫెసర్ డిజైన్ చేసిన తోట అది. అక్టోబర్ చివరికి మేపుల్ చెట్లు ఎర్రబడతాయి, అందులో చెరువు దగ్గరున్న ఒక్క చెట్టు కోసమే జనం కెమెరాలు పట్టుకుని లైన్ కడతారు. మెలికలు తిరిగిన కొమ్మల కింద నేలకి వంగి తీసిన ఆ ఫోటో మీరూ ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. నాకు మాత్రం చిన్నచిన్నవే ఇష్టం. నాచు మీద రాలిన ఒక్క ఆకు, ఆకు కొసన వేలాడే మంచు చుక్క, తడిసి నల్లబడిన రాయి. అందుకే చిన్న వస్తువుల్ని దగ్గర నుంచి పెద్దగా తీసే 100 ఎంఎం మ్యాక్రో లెన్స్ కావాలనుకున్నాను.

ఆన్‌లైన్‌లో ఒకతను అమ్మకానికి పెట్టాడు. 'మింట్ కండిషన్ (అంటే కొత్తదానిలాగే ఉంది), రెండుసార్లే వాడాను' అని రాశాడు. ఫోటోలు ఎనిమిది పెట్టాడు, అన్నీ బయటి నుంచి తీసినవే. డబ్బులు సైట్ ద్వారా కాకుండా నేరుగా పంపితే 30 డాలర్లు తగ్గిస్తానన్నాడు, నేను సరేనన్నాను. మొదటి తప్పు అక్కడే జరిగింది. లెన్స్ వచ్చాక హాల్లో రెండు ఫోటోలు తీసి, ఫోకస్ బాగానే ఉందని బ్యాగులో పెట్టేశాను. అది రెండోది.

రెండు వారాల తర్వాత ఒక శనివారం కిటికీ తెరిస్తే ఎదురింటి చెట్టు కూడా కనిపించనంత పొగమంచు. ఇలాంటి రోజు కోసమే కదా కొన్నది అని పరుగున వెళ్లాను. తోటలో అడుగు చప్పుడు కూడా వినిపించనంత నిశ్శబ్దం. సప్పోరో నగరం కానుకగా ఇచ్చిన ఐదంతస్తుల రాతి దీపం మంచులో సగమే కనిపిస్తోంది. దారి పక్కన నాచు మీద ఎర్రటి ఆకు ఒకటి వెల్లకిలా పడి ఉంది, దాని ఈనెల వెంబడి చుక్కలు వరసగా, పూసలు గుచ్చినట్టు నిలబడ్డాయి. మోకాళ్లు తడుస్తున్నా పట్టించుకోకుండా ఆ ఒక్క ఆకు ముందే ఇరవై నిమిషాలు కూర్చున్నాను.

స్క్రీన్ మీద చూస్తే ప్రతి ఫోటో తెల్లగా, పలచగా, పాలు కలిపినట్టు ఉంది. మంచు కదా అనుకున్నాను. ముందు గ్లాసు నాలుగైదుసార్లు తుడిచాను. ఎక్స్‌పోజర్ మార్చి చూశాను. లాప్‌టాప్‌లో కాంట్రాస్ట్ పెంచుకుంటే సరిపోతుందిలే అని 300 పైగా ఫోటోలు తీసుకుని ఇంటికొచ్చాను.

పెంచితే రంగులు పాడయ్యాయి గానీ మసక పోలేదు. అప్పుడు తట్టింది. పొగమంచు వల్ల దూరంగా ఉన్న చెట్టు మసకబారుతుంది, ఎందుకంటే మధ్యలో అంత మంచు ఉంది. కానీ నేను తీసింది అడుగు దూరంలో ఉన్న ఆకుని. ఆ అడుగు దూరంలో ఫోటో అంతా పాలిపోయేంత మంచు ఎక్కడుంటుంది? గదిలో లైట్లు ఆర్పి, లెన్స్‌ని కెమెరా నుంచి తీసి, వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి ముందు నుంచి కాస్త పక్కగా చూశాను. లోపలి గ్లాసు అంచు నుంచి మధ్యదాకా సాలెగూడు పోగుల్లా అల్లుకుని ఉంది ఫంగస్, అంటే బూజు, దాని చుట్టూ పల్చటి తెల్లపొర.

అమ్మినతనికి ఫోటోలతో సహా మెసేజ్ పెడితే, 'మంచులో వాడావు కాబట్టి నీ దగ్గరే పట్టింది' అన్నాడు. ఒక్క ఉదయంలో ఫంగస్ అలా అల్లుకోదండీ, తేమ ఉన్న చోట వారాలు, నెలలు పడి ఉంటేనే పెరుగుతుంది. ఆ తర్వాత జవాబే లేదు. డబ్బు బయట పంపాను కాబట్టి సైట్‌వాళ్లు కూడా ఏమీ చేయలేమన్నారు. రిపేర్ షాపులో అడిగితే క్లీనింగ్‌కి 180 డాలర్లు అవుతుంది, గ్లాసు మీది కోటింగ్‌ని ఫంగస్ తినేసి ఉంటే మచ్చ మాత్రం పోదు అన్నారు.

కాబట్టి కొనేముందే టార్చ్ వేసి తీసిన వీడియో అడగండి, ముందు నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి. పంపనని నసిగితే వదిలేయండి. రెండు మూడు దుమ్ము రేణువులు కనిపిస్తే భయపడక్కర్లేదు, పాత లెన్సుల్లో అవి మామూలే. పోగులు, పాలపొర కనిపిస్తే మాత్రం ఎంత చవకైనా వద్దు. 'ఫోటోల మీద ప్రభావం ఉండదు' అని లిస్టింగ్‌లో రాసి ఉంటే ఏదో ఉన్నట్టే లెక్క, అదేంటో అడగండి. ఎంత తగ్గిస్తానన్నా సైట్ బయట డబ్బు పంపొద్దు. లెన్స్ చేతికొచ్చిన రోజే ఎండలోకి వెళ్లి వెలుగుకి ఎదురుగా నాలుగు ఫోటోలు తీయండి, లోపం ఉంటే అక్కడ దాక్కోలేదు. మంచులోనూ మబ్బులోనూ టెస్ట్ చేస్తే నాలాగే మోసపోతారు.

వైజాగ్, కాకినాడ వైపు ఉండేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి, సముద్రం గాలికి అక్కడ లెన్సుల్లో ఫంగస్ తేలిగ్గా పడుతుంది. గాలి చొరబడని డబ్బాలో తేమని పీల్చే సిలికా జెల్ వేసి, తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి.

ఈ మధ్యే లెన్స్ కొని, రిటర్న్ గడువు ఇంకా అయిపోనివాళ్లు ఎవరైనా ఉంటే, ఈ రాత్రే లైట్లు ఆర్పి ఒక్కసారి చూడండి. పోగులు కనిపిస్తే వెంటనే ఫోటో తీసి, తేదీతో సహా అమ్మినవాళ్లకి మెసేజ్ పెట్టండి, ఫోన్‌లో మాట్లాడి ఊరుకోకండి.