గండికోట ఫొటో: అడోబ్ స్టాకా, షట్టర్‌స్టాకా?

కడపలో సరదాగా ఫొటోలు తీసేవాళ్లకు ఆన్‌లైన్‌లో ఫొటోలు అమ్మిపెట్టే ఈ రెండు సైట్లలో అడోబ్ స్టాక్ లెక్క తేలిక: ఫొటో అమ్ముడైతే 33 శాతం మీకు, కొత్తవాళ్లయినా సరే. షట్టర్‌స్టాక్‌లో 15 శాతంతో మొదలై, డౌన్‌లోడ్లు పెరిగేకొద్దీ 40 దాకా వెళ్తుంది. అయితే ప్రతి జనవరి 1న మళ్లీ మొదటి మెట్టుకే! ఈ ఎక్కిదిగడం నాకైతే నచ్చదు. గండికోట దగ్గర పెన్నా లోయ లాంటి, మనుషుల్లేని ఫొటోలు ముందు అడోబ్‌లో పెట్టండి.

ఒంటిమిట్ట కల్యాణానికి వచ్చే జనం ఫొటో సంగతి వేరు. ముఖాలు గుర్తుపట్టేలా ఉంటే, ప్రకటనల్లాంటి వాడకానికి వాళ్ల సంతకాలతో మోడల్ రిలీజ్, అంటే ఫొటో వాడుకోవచ్చన్న అనుమతి పత్రం, కావాలి. అంత జనంలో ఎవరెవరి సంతకాలని తెస్తాం? అలాంటివి షట్టర్‌స్టాక్‌లో తేదీ, ఊరు రాసి ఎడిటోరియల్ కింద, అంటే వార్తల్లాంటి వాడకానికి మాత్రమే, పెట్టే వీలుంది.

ఒక్కచోటే అమ్మాలన్న షరతు రెండింటిలోనూ లేదు కాబట్టి లోయ ఫొటోను తర్వాత షట్టర్‌స్టాక్‌లోనూ పెట్టొచ్చు.