కణం వదిలే పెరాక్సైడ్‌ని పట్టడానికి ఎంజైమా, ప్రష్యన్ బ్లూనా?

మా శ్రీకాకుళంలో సైన్సు పిల్లల్ని ప్రాజెక్టు దేనిమీద అని అడిగితే ఉద్దానం కిడ్నీ జబ్బు అనే మాట తరచూ వస్తుంది. కవిటి, సోంపేట, కంచిలి వైపు వాళ్లకి అది పాఠం కాదు, ఇంట్లో సంగతి. ఈ ఏడాది ఒకమ్మాయి కాస్త వేరేగా అడిగింది. "మేస్టారూ, కిడ్నీ కణాలు ఒత్తిడిలో బయటికి వదిలే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని అవి బతికుండగానే కొలవాలి. ఎంజైమ్ ఎలక్ట్రోడ్ మేలా, ప్రష్యన్ బ్లూ మేలా? డై వేసి మైక్రోస్కోపులో చూసేస్తే పోలేదా?"

ఆ జబ్బుకి కారణం ఇంకా తేలలేదు. ఈ కొలతతో అది తేలిపోతుందని ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పాను. కానీ అడిగిన ప్రశ్న మంచిదే. ఎలక్ట్రోడ్ అంటే పెరాక్సైడ్ తగిలితే కరెంటు ఇచ్చే చిన్న తీగలాంటిది. దాని మీద ఎంజైమ్ ఎక్కించాలా, ప్రష్యన్ బ్లూ అనే నీలి పదార్థం కట్టాలా అన్నదే ఆమె సందేహం.

డై సంగతి తొందరగా తేల్చేద్దాం. అందరూ వాడే డీసీఎఫ్ డై కణం లోపలికి వెళ్లి మెరుస్తుంది. ఈ అమ్మాయికి కావలసింది బయటికి వచ్చేది. పైగా అది పెరాక్సైడ్ ఒక్కదానికే కాదు, రకరకాల ఆక్సీకారకాలకి మెరుస్తుంది, వెలుతురు తగిలినా కొంత మెరుస్తుంది. తొట్టిలో ఎంత నీరు పోగైందో డై చెబుతుంది. కుళాయి ఎప్పుడు తిప్పారో, ఎప్పుడు కట్టారో చెప్పేది ఎలక్ట్రోడే.

ఎలక్ట్రోడ్లలో వట్టి ప్లాటినం తీగ అన్నిటికన్నా సులువు. అయితే పెరాక్సైడ్ దాని మీద ఆక్సీకరణ చెందాలంటే సుమారు 0.6 వోల్టులు పెట్టాలి. అంత పెడితే విటమిన్ సి, యూరిక్ ఆమ్లం, పారాసెటమాల్ కూడా కరెంటు ఇచ్చేస్తాయి. ఏది ఎవరిదో తెలియదు. అందుకే దాన్ని పక్కన పెట్టేశాం.

ఎంజైమ్ దారి పాతది, పేరున్నది. 1962లో లేలండ్ క్లార్క్, లయన్స్ అనే శాస్త్రవేత్తలు ఎంజైమ్‌ని ఎలక్ట్రోడ్‌కి జోడించే ఆలోచన చెప్పారు. నేటి షుగర్ మీటర్లకి మూలం అదే. పెరాక్సైడ్‌కి వాడేది హార్స్‌రాడిష్ పెరాక్సిడేజ్. ఆవాలు, ముల్లంగి కుటుంబానికి చెందిన మొక్క వేరులోంచి తీస్తారు. దాని పట్టు గొప్పది, తక్కువ వోల్టేజీలోనే పెరాక్సైడ్‌ని గుర్తుపడుతుంది. చిక్కల్లా ఎలక్ట్రాన్లు అందించడం దగ్గరే. పనిచేసే హీమ్ అనే ఇనుమున్న భాగం ప్రోటీన్ లోపల దాక్కుని ఉంటుంది, అందుకని మధ్యలో ఎలక్ట్రాన్లని మోసే ఒక మీడియేటర్ కావాలి. పొడిగా ఫ్రిజ్‌లో ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. ఎలక్ట్రోడ్ మీదికి ఎక్కించాక రోజులు గడిచేకొద్దీ చురుకు తగ్గుతుంది, వేడిలో ఇంకా తొందరగా. మే నెలలో కరెంటు పోయే మా ల్యాబులకి ఇది టెన్షనే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు పలాస చుట్టుపక్కల ఎన్ని రోజులు కరెంటు లేదో ఇక్కడివాళ్లకి గుర్తుంటుంది. ఫ్రీజర్‌ని నమ్ముకున్న ప్రాజెక్టుకి అలాంటి ఒక్క వారం చాలు.

ఇక ప్రష్యన్ బ్లూ. మూడు వందల ఏళ్ల కిందట బెర్లిన్‌లో పుట్టిన నీలిరంగు, ఇనుము సైనైడ్ కలిసిన పదార్థం. దీన్ని కృత్రిమ పెరాక్సిడేజ్ అంటారు. ఇది సున్నా వోల్టు దగ్గరే పెరాక్సైడ్‌ని క్షయీకరిస్తుంది కాబట్టి విటమిన్ సి గొడవ చాలావరకు ఉండదు. ఫెర్రిక్ క్లోరైడ్, పొటాషియం ఫెర్రిసైనైడ్ ఏ కాలేజీ కెమిస్ట్రీ స్టోర్‌లో అయినా దొరుకుతాయి. కొంచెం హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పొటాషియం క్లోరైడ్ కలిపి వోల్టేజీని పైకీ కిందకీ తిప్పితే కార్బన్ మీద నీలి పొర కట్టేస్తుంది.

దీనికీ రోగాలున్నాయి. ఆమ్లంలో గట్టిగా ఉండే ఆ పొర కణాలకి కావలసిన పీహెచ్ 7.4 దగ్గర మెల్లగా కరిగిపోతుంది. పైన నాఫియాన్ అనే పాలిమర్ పూత వేస్తే, లేదా ప్రష్యన్ బ్లూకి చుట్టమైన నికెల్ హెక్సాసైనోఫెర్రేట్ పొర కడితే ఎక్కువ సేపు నిలుస్తుంది. రెండో చిక్కు పొటాషియంతో. పొర పనిచేయాలంటే ఈ స్ఫటికంలోకి అయాన్లు దూరాలి. పొటాషియం అయాన్లు సులువుగా దూరతాయి, సోడియం అంతగా దూరదు. కణాల చుట్టూ ఉండే ద్రవంలోనేమో సోడియమే ఎక్కువ. పొటాషియం పెంచేద్దామా అంటే కణాల పొర మీది విద్యుత్ తేడా తగ్గి, మనం కొలవాలనుకున్న ప్రవర్తనే మారిపోవచ్చు. నా మట్టుకు నేను అసలు పరీక్ష ఇదే అంటాను. బఫర్‌లో, అంటే పీహెచ్ మారని వట్టి ద్రావణంలో, సిగ్నల్ ఎవరికైనా వస్తుంది, కణాలు బతికే మాధ్యమంలో వచ్చిందా అన్నదే చూడాలి.

పెద్ద ఊరి ల్యాబు, రోజంతా ఆగని కరెంటు, ఎంజైమ్ ఎప్పటికప్పుడు కొనే డబ్బు ఉంటే పెరాక్సిడేజ్ వైపే వెళ్లమంటాను. మా దగ్గరికి మాత్రం ప్రష్యన్ బ్లూయే మేలు. పొర పాడైతే పొద్దున్నే కొత్తది కట్టుకోవచ్చు.   

ఏ ఎలక్ట్రోడ్ అయినా ఒక పరీక్ష తప్పదు. సిగ్నల్ పైకి లేచాక కెటలేజ్ చుక్క వేయాలి. అది పెరాక్సైడ్‌ని విరగ్గొట్టేస్తుంది. సిగ్నల్ పడిపోతే మనం పట్టింది పెరాక్సైడే. పడకపోతే ఫ్యాన్ గాలో, పక్క గదిలో మోటారో అయ్యుంటుంది.

అమ్మాయి అంతా రాసుకుని, "అయితే కెటలేజ్ కూడా ఎంజైమే కదా మేస్టారూ, ఫ్రిజ్ కావాలి కదా?" అంది. అవును, అది ఒక్క చిన్న సీసా, ఐసు డబ్బాలో సరిపోతుందన్నాను. స్టోర్ తాళం అడిగి ఫెర్రిసైనైడ్ సీసా వెతకడానికి వెళ్లింది.