లూవ్రా, ప్రాడోనా?

పారిస్‌లోని లూవ్ర్, మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలు రెండూ రాజుల సొత్తుతో మొదలైనవే. పుట్టుకలోనే తేడా ఉంది. లూవ్ర్‌ను 1793లో విప్లవ ప్రభుత్వం జనానికి తెరిచింది. ప్రాడోను 1819లో సాక్షాత్తూ రాజే, ఏడో ఫెర్డినాండ్, తెరిచాడు.

లూవ్ర్‌లో ఈజిప్టు, మెసొపొటేమియా, గ్రీకు శిల్పాలు, చిత్రాలు అన్నీ ఉన్నాయి. ప్రాచీన నాగరికతలు చూడాలంటే అక్కడికే వెళ్లాలి. ఒక్క రోజులో మాత్రం అవ్వదు, కాళ్లు పీకేస్తాయి.

ప్రాడోలో చిత్రాలదే రాజ్యం. స్పెయిన్ చిత్రకారుడు వెలాస్కెజ్ 1656లో ఒక చిన్న రాకుమారిని, ఆమె పరివారాన్ని వేసిన 'లాస్ మెనినాస్' ముందు నిలబడండి. దగ్గరకెళ్తే రాకుమారి గౌను మీద గబగబా లాగిన కుంచె గీతలే కనిపిస్తాయి. నాలుగడుగులు వెనక్కి వేస్తే అవే పట్టుబట్టలా మెరుస్తాయి! మరో స్పెయిన్ చిత్రకారుడు గోయా తన ఇంటి గోడల మీద వేసుకున్న 14 'నల్ల చిత్రాలూ' ఇక్కడే ఉన్నాయి. తర్వాత వాటిని గోడల నుంచి కాన్వాస్‌కి ఎక్కించారు.

ఇక మోనాలిసా సంగతి. అసలుది లూవ్ర్‌లోనే. ఎత్తు 77 సెంటీమీటర్లే, అద్దం వెనక ఉంటుంది, ముందంతా జనం. ప్రాడోలో దాని నకలు ఉంది. అందులో మోనాలిసా వెనకున్న నల్లరంగు తీసేస్తే కొండలు, దారులు బయటపడ్డాయి. అసలుది వేసిన లియొనార్డో శిష్యుడెవరో ఆయన పక్కనే కూర్చుని ఈ నకలు వేశాడని ఇప్పుడు నిపుణుల మాట. అందులో కనుబొమలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి.

పిల్లలతో వెళ్తే లూవ్ర్‌కే నా ఓటు, మమ్మీలు, స్ఫింక్స్‌లు (సింహం ఒంటికి మనిషి తల ఉన్న శిల్పాలు) వాళ్లకి భలే నచ్చుతాయి. చిత్రాలంటే ప్రాణమైతే ప్రాడోకే వెళ్లండి. అక్కడ ఫొటోలు తీయనివ్వరు, అందుకే అందరూ చిత్రాల్నే చూస్తారు.