మూల కొప్పు కారుతుంటే: పైన పూయడమా, విప్పి కట్టడమా?

వానలు మొదలైతే చాలు, ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతారు. "నాలుగు వాలుల పెంకుటిల్లు, మూల గది కురుస్తోంది. సీలెంట్ పూయిస్తే సరిపోతుందా, కొప్పు విప్పించాలా?" మూల కొప్పంటే రెండు వాలులు మూలన కలిసే ఏటవాలు గీత మీది పెంకుల వరుస. పోయిన ఏడాది మా ఇంటికీ ఇదే వచ్చింది. మూడు దారులూ ఆలోచించి ఒకటి ఎంచుకున్నాను.

ఏ దారైనా, ముందు కారే చోటు తేలాలి. మరకకు సరిగ్గా పైనే సందు ఉంటుందనుకోవద్దు. లోపలికి దిగిన నీళ్లు వాసం వెంట జారి ఎక్కడో బొట్టుగా పడతాయి కాబట్టి మరక నుంచి వాలు పైవైపుకు వెతకాలి. నిజానికి మూల కొప్పు దగ్గర వాననీళ్లు నిలవవు, రెండు పక్కలకూ జారిపోతాయి. మరి ఎందుకు కారుతుంది? గాలివాన నీటిని సందుల్లోకి ఎదురు తోస్తుంది. మూలకు సరిపోయేలా కోసిన పెంకు ముక్కలు పట్టు లేక జారతాయి. ఇక నేను ముందుగా అనుమానించే చోటు, మూల కొప్పులు రెండూ కప్పు శిఖరం మీది నడికొప్పుతో కలిసే ముడి. మా ఇంట్లో తప్పు అక్కడే దొరికింది. పైపుతో నీళ్లు పట్టి చూసేటప్పుడు చూరు దగ్గర మొదలుపెట్టి పైకి వెళ్లండి, ఒక్కో చోట 10-15 నిమిషాలు. లోపల ఒకరు టార్చితో చూస్తుండాలి. పైనుంచి మొదలుపెడితే కింద సందులన్నీ తడిసిపోయి, ఏది దోషమో తేలదు.

మొదటి దారి, సీలెంట్. ఒక పెంకు చిట్లినప్పుడు, వానాకాలం మధ్యలో వేరే దారి లేనప్పుడు అది మంచి ఆసరా. చోటు శుభ్రంగా, పొడిగా ఉంటేనే అంటుతుంది. ఎండకు బిరుసెక్కి అంచులు లేస్తాయి. అది కూడా సర్దుకోవచ్చు. కానీ కొప్పు పొడవునా సందులన్నీ పూడ్చేస్తే, వేరే చోటి నుంచి లోపలికి చేరిన నీటికి బయటికి దారి ఉండదు. మూలవాసం, అంటే మూల కొప్పు కింది వాసం, నానుతూ ఉంటుంది, పైకి మాత్రం అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే పొడవునా పూయించడం నాకు ఇష్టం లేదు.

రెండోది, కొప్పు పెంకులు తీసి మళ్లీ సిమెంటు మాలుతో కూర్చడం. మేస్త్రీలకు చేతికి అలవాటైన పని. పాత ఇంటి రూపు మారదు, పెంకులు వంకరటింకరగా ఉన్నా మాలు సర్దుకుంటుంది. ఇబ్బంది ఏమిటంటే, చెమ్మ పట్టిన చెక్క ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. మాలుకు ఆ కదలిక రాదు, బీటలిస్తుంది. వెంట్రుకంత నెర్రె చాలు, నీటిని అదే లోపలికి పీల్చుకుంటుంది. బ్రిటన్‌లో పెంకు కప్పుల ప్రమాణం బీఎస్ 5534ను 2014లో సవరించినప్పుడు, కొప్పు పెంకులను మాలు ఒక్కదాన్నే నమ్మి నిలపకూడదని, స్క్రూల వంటి బిగింపు కూడా ఉండాలని చేర్చారు.

మూడోది, మాలు లేకుండా కట్టడం. మూలవాసం మీద ఒక బద్ద కొట్టి, దాని మీదుగా గాలి ఆడే రోల్ (చుట్టగా వచ్చే పట్టీ) పరిచి, జిగురున్న అంచులను రెండు పక్కల పెంకులకు అతికిస్తారు. ఆ పైన కొప్పు పెంకులను స్క్రూలతో బద్దకు బిగిస్తారు. మొదట ఖర్చు ఎక్కువ, పెంకుల మీది దుమ్ము సరిగా తుడవకపోతే జిగురు పట్టదు. అయినా నేను ఇదే ఎంచుకున్నాను. ఇల్లు కదిలితే ఇదీ దాంతో కదులుతుంది.

నా లెక్కలో తేల్చేది కొప్పు పెంకు కాదు, దాని కింద ఏముందన్నది. వాలులన్నీ 30 డిగ్రీలుండి, మూలలు 90 డిగ్రీలున్న ఇంట్లో మూల కొప్పు వాలు దాదాపు 22 డిగ్రీలే. అంటే పెంకు కిందికి చేరిన నీళ్లు మెల్లగా పాకుతాయి, ప్రతి సందునూ తడుముతూ దిగుతాయి. పెంకుల కింద పరిచే, నీళ్లు దిగనివ్వని షీటు మూల దాటి రెండు వైపులా కనీసం 15 సెంటీమీటర్లు పరుచుకుని ఉంటే ఆ నీళ్లు చూరు దాకా వెళ్లిపోతాయి. షీటు మూల దగ్గరే తెగి ఉంటే పైన మాలు పెట్టినా, రోల్ పరిచినా కొన్నాళ్ల ముచ్చటే. విప్పితే తప్ప ఇది కనపడదు. పూత కన్నా విప్పడమే మేలనడానికి నాకున్న అసలు కారణం ఇదే.

కప్పు మొత్తానికి వాటర్‌ప్రూఫ్ పూత వేయిస్తామనేవారూ ఉన్నారు. జారిన పెంకును పూత వెనక్కి తేలేదు. టార్పాలిన్ ఆ రాత్రి గడవడానికి.

పని అయ్యాక కొప్పుల మీద ఎవరినీ నడవనివ్వకండి. పెద్ద గాలివాన వెళ్లాక కింద నుంచే ఒకసారి పరికించి చూడండి, కొప్పు గీత ఎక్కడైనా వంకర పోయిందేమోనని. చూరు వైపు చివరి పెంకు మూత ఊడలేదు కదా అని కూడా. పని జరిగేటప్పుడు కొప్పు పెంకులు తిరిగి పెట్టకముందే షీటు, బద్ద, ముడి దగ్గరి అతుకు ఫొటోలు తీయించుకోండి. మళ్లీ చెమ్మ కనిపిస్తే ఎక్కడ విప్పాలో ఆ ఫొటోలే చెబుతాయి.