పాపకు తెలిసేలా పెట్టిన తాళం: గూగుల్ ఫ్యామిలీ లింక్ ఆరు నెలల వాడకం

పిల్లల ఫోన్‌ను తల్లిదండ్రులు పర్యవేక్షించేందుకు గూగుల్ ఇచ్చే ఈ ఫ్యామిలీ లింక్ యాప్ గురించి రాయాలంటే దీనికి ముందు మేము వాడి తీసేసిన మరో యాప్ సంగతి చెప్పక తప్పదు. మా అమ్మాయికి 12 ఏళ్లు, ఏడో తరగతి. మా ఇల్లు నల్లగొండలో పానగల్లు వైపు, ఆమె ట్యూషన్ రామగిరిలో. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను, ఇంటికి వచ్చేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. సాయంత్రం చీకటి పడ్డాక ఆటోలో ఒక్కతే రావలసి ఉంటుంది కాబట్టి నిరుడు ఆమెకు ఒక ఆండ్రాయిడ్ ఫోన్ కొనిచ్చాము. కొన్న దుకాణంలోనే, పిల్లల ఫోన్ అని తెలిసినా, ఖాతా తెరిచేటప్పుడు పుట్టిన సంవత్సరం 1998 అని కొట్టారు. అలా చేస్తే పని త్వరగా అవుతుందట. అదే దుకాణంలోని కుర్రవాడు, పాపకు తెలియకుండా ఆమె మెసేజ్‌లన్నీ నా ఫోన్‌లో కనబడే ఒక యాప్ ఉందని చెప్పి, ఏడాదికి డబ్బు కట్టించుకుని పెట్టి ఇచ్చాడు.

దాని పేరు రాయను, రాసి ప్రచారం చేయను. అది ప్లే స్టోర్‌లో దొరికేది కాదు. దాన్ని ఎక్కించడానికి ముందుగా ఫోన్‌లో హానికరమైన యాప్‌లను పసిగట్టే ప్లే ప్రొటెక్ట్ రక్షణను ఆపేశారు. ఆ రక్షణ ఎందుకు ఉందో, దాన్ని ఆపమని అడిగే యాప్ ఎటువంటిదో ఆ రోజు నేను ఆలోచించలేదు. రెండు వారాలు రోజూ రాత్రి ఆమె మెసేజ్‌లు చదివాను. అందులో భయపడవలసినది ఏదీ లేదు. గణితంలో మార్కులు తక్కువ వచ్చాయని, ఇంట్లో చెప్పడానికి భయంగా ఉందని స్నేహితురాలితో చెప్పుకుంది. ఆ స్నేహితురాలు తన ఇంటి గొడవల గురించి రాసిన మాటలు కూడా, ఆ పిల్లకు గానీ ఆమె తల్లిదండ్రులకు గానీ తెలియకుండా, నా చేతిలోకి వచ్చాయి. అన్నం తినేటప్పుడు ఒక రోజు నోరు జారి, “గణితంలో తక్కువెందుకొచ్చినయి?” అని అడిగాను. ఆమె కంచంలో చెయ్యి ఆపి, “నీకెట్ల తెలిసింది డాడీ? నేను ఎవ్వరికి చెప్పలే” అంది. తరువాత చాలాసేపటికి, “ఫోన్ నాకు కొనిచ్చిండ్రా, మీరు చూసుకునేటందుకు కొన్నరా?” అని అడిగింది. దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ తరువాతి నెలన్నర ఎలా గడిచిందన్నదే ఆ యాప్‌కు నేనిచ్చే అసలైన రేటింగు. ఆమె ఫోన్ వాడడం మానలేదు, మాతో మాట్లాడడం మానేసింది. ఒక ఆటలో పరిచయమైన ఎవరో వ్యక్తి ఫోటో పంపమని పదే పదే అడుగుతుంటే ఆ విషయం నాకు చెప్పలేదు, వాళ్ల అమ్మకూ చెప్పలేదు. పండుగకు దేవరకొండ నుంచి వచ్చిన చిన్నమ్మకు చెప్పింది. ఫోటో పంపలేదు కాబట్టి సరిపోయింది. ఆ సంభాషణ ఆటలోని చాట్‌లో జరిగింది కనుక, డబ్బు కట్టి పెట్టించుకున్న గూఢచారి యాప్‌కు అది చిక్కనే లేదు. ఆ రాత్రి ఆ వ్యక్తి మెసేజ్‌లను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుని, అతన్ని బ్లాక్ చేసి, ఫిర్యాదు చేసే దారులు ఆమెకు చూపించాను. సైబర్ నేరాలకు 1930, పిల్లల సహాయానికి 1098 అనే రెండు నంబర్లను ఆమె తన చేత్తోనే ఫోన్‌లో దాచుకుంది. మరునాడు ఆ గూఢచారి యాప్‌ను తీసేసి, ఫోన్‌ను మొదటి నుంచి రీసెట్ చేసి, ఫ్యామిలీ లింక్ పెట్టాము.

ఫ్యామిలీ లింక్‌కు డబ్బు కట్టనవసరం లేదు. తల్లి లేదా తండ్రి ఫోన్‌లో యాప్ ఉండాలి, పిల్లల ఫోన్‌లో వారి అసలు వయసుతో తెరిచిన ఖాతా ఉండాలి. 13 ఏళ్ల లోపు పిల్లలకు తల్లిదండ్రుల పర్యవేక్షణలోనే ఖాతా ఇస్తామన్నది గూగుల్ నియమం కాబట్టి, 1998 పుట్టుక ఖాతాను వదిలేసి కొత్తది తెరవవలసి వచ్చింది. అది ఒక గంట పని. ఆ గంటసేపూ పాపను పక్కన కూర్చోబెట్టుకునే చేశాను. పర్యవేక్షణ పెడుతున్నప్పుడు తల్లిదండ్రులకు ఏమేమి తెలుస్తుందో పిల్లల ఫోన్ తెర మీదే రాసి చూపిస్తుంది. ఆమె ఆ రాత ఒక్కొక్క వాక్యం చదివి, “మెసేజ్‌లు చూడరాదా ఇండ్ల?” అని రెండుసార్లు అడిగింది. చూడలేము. ఏ యాప్‌ను ఎంతసేపు వాడిందో తెలుస్తుంది, ఫోన్ ఎక్కడుందో తెలుస్తుంది, కొత్త యాప్ వేసుకోవాలంటే నా ఫోన్‌కు అనుమతి అడుగుతూ కబురు వస్తుంది. ఎవరితో ఏమి మాట్లాడుకుందో తెలియదు. ఈ యాప్‌లో లోపమని కొందరు తల్లిదండ్రులు చెప్పేది ఇదే. నాకు మాత్రం దీన్ని ఎంచుకోవడానికి కారణం అదే అయింది.

సమయ పరిమితిని బడి రోజుల్లో గంటన్నర, ఆదివారం మూడు గంటలు అని ఇద్దరం బేరమాడి పెట్టుకున్నాము. రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్ తాళం పడుతుంది. తాళం పడినా వచ్చే కాల్ ఎత్తవచ్చు, అత్యవసర కాల్ చేయవచ్చు. ట్యూషన్ నుంచి వచ్చే పిల్ల విషయంలో ఇది చిన్న సంగతి కాదు. ఏదైనా రోజు ఎక్కువ సమయం కావలసి వస్తే అదనపు సమయం ఇవ్వవచ్చు, నా ఫోన్‌కు ఇంటర్నెట్ లేకపోయినా యాప్ చూపే కోడ్ చెప్పి ఆమె ఫోన్ తెరిపించవచ్చు. మిల్లులో గోడౌన్ లోపల సిగ్నల్ అందని నాకు ఇది చాలాసార్లు పనికొచ్చింది. క్రోమ్ బ్రౌజర్‌లో అసభ్యమైన సైట్లను ఆపే ఏర్పాటు ఉంది, చూసిన సైట్ల జాడ ఫోన్‌లో మిగల్చని ఇన్‌కాగ్నిటో పని చేయదు. అయితే ఏ వడపోతా పూర్తిగా పట్టలేదని గూగులే చెబుతుంది కాబట్టి, దాని మీదే భారం వేసి నిద్రపోయే తల్లిదండ్రులు మోసపోతారు.

లొకేషన్ దగ్గరే మాకు ఎక్కువ వాదన జరిగింది. ట్యూషన్ వేళ చూడు, దోస్తుల ఇంటికి వెళ్లినప్పుడు చూడకు అంటుంది ఆమె. యాప్‌లో అలాంటి తేడా లేదు, పెడితే ఎప్పుడూ ఉంటుంది, తీస్తే ఎప్పుడూ ఉండదు. చివరికి లొకేషన్ ఉంచి, చూసే ముందు నేను ఫోన్ చేయాలి, రెండుసార్లు ఎత్తకపోతేనే చూడాలి అని ఒప్పందం చేసుకున్నాము. ఈ ఒప్పందాన్ని నేను ఒకసారి తప్పాను. తప్పానని ఆ రాత్రే చెప్పాను.

దీని పరిధి ఎంతవరకో కూడా చెప్పాలి. పిల్లల చేతిలో ఐఫోన్ ఉంటే ఇది దాదాపు పనికిరాదు, ఆండ్రాయిడ్ కావాలి. ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉన్న కుటుంబానికి కూడా ఇది కుదరదు. పర్యవేక్షణ ఖాతా పెట్టిన తరువాత ఆ ఫోన్ పూర్తిగా పిల్లల ఫోన్ అయిపోతుంది, అందులో పెద్దల పని నడవదు. మన పల్లెల్లో ఇప్పటికీ అటువంటి ఇళ్లే ఎన్నో కనబడతాయి. ఆటల్లోని చాట్ లోపల ఏమి జరుగుతుందో దీనికి తెలియదు, ఆ ఆటలోని సెట్టింగులు వేరుగా చూసుకోవలసిందే. ఒకసారి అనుమతించిన యాప్‌ను తీసేసి మళ్లీ వేసుకుంటే మళ్లీ అడగదు కాబట్టి, మొదటి అనుమతి ఇచ్చేటప్పుడే ఆలోచించాలి.

వాట్సాప్ గురించి వేరుగా చెప్పాలి. అందులో సొంతంగా ఖాతా తెరవడానికి కనీస వయసు 13 ఏళ్లు. 12 ఏళ్ల పిల్లకు దాన్ని పెట్టించిన తప్పు మాదే, ఇప్పుడు తీసేశాము. హోంవర్కు గ్రూపు వాళ్ల అమ్మ ఫోన్‌లో ఉంది. ఈ ఒక్క విషయంలో మా మీద ఆమెకు కోపం ఇంకా తగ్గలేదు, తరగతిలో అందరికీ ఉంది, తనకు ఒక్కదానికే లేదు అనే మాటకు నేను ఏ జవాబు చెప్పినా చాలదు.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వారి డేటా వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి నిర్ధారించుకోవాలని, పిల్లల కదలికలను వెంబడించకూడదని, వారిని గురి పెట్టి ప్రకటనలు చూపకూడదని కంపెనీలను ఆదేశిస్తుంది. ఎదుటివాడు చేయకూడదని చట్టం చెబుతున్న పనిని నేను డబ్బిచ్చి మరీ చేయించాను. నా పిల్ల మెసేజ్‌లు ఏ దేశంలోని ఏ సర్వర్‌లో చేరాయో ఇప్పటికీ నాకు తెలియదు.

అయిదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఒకటి లొకేషన్‌కు వేళలు పెట్టుకునే వీలు లేనందుకు. తొమ్మిది నుంచి పన్నెండు ఏళ్ల మధ్య పిల్లలకు మొదటి ఫోన్ కొనేవారు ఇది వాడవచ్చు, కాని పిల్లలు బడికి వెళ్లిన సమయంలో కాక, వారు ఇంట్లో ఉన్నప్పుడే కూర్చుని పెట్టండి.

మా అమ్మాయికి వచ్చే ఏప్రిల్‌లో 13 నిండుతాయి. ఆ రోజు నుంచి అమలు కావలసిన షరతులు ఆమె ఇప్పటికే గణితం నోటుబుక్ చివరి పేజీలో రాసి పెట్టింది. మొదటిది వాట్సాప్. రెండోది రాత్రి పది దాకా సమయం. మూడోది, “నేను స్నానానికి పోయినప్పుడు నా ఫోన్ ఎవ్వరూ ముట్టొద్దు”. మూడోదాని కింద నా సంతకం కోసం గీత గీసి ఉంచింది. సంతకం పెట్టాను.